తలపై చేయి

తలపై చేయి పెట్టుకొని కూర్చుండుట మన యిండ్లలో అశుభము. ఇంట నెవరైన పోయిననాడో, పంట మునిగిననాడో, అప్పులవాడు వాకిట నిలిచిననాడో మాత్రమే మనుష్యు డట్లు కూర్చుండునని పెద్దల తలంపు. అట్టిది నేను మూడేండ్ల క్రిందట, నా నలువదిమూడవ యేట, నెలదినములకు పైగా కుడిచేయి నెత్తిపై నుంచుకొనియే కాలము గడపితిని. తరగతిలో పిల్లలు పాఠము చదువుచుండగా వినునప్పుడును, బస్సులోను, భోజనమైన పిదప అరుగుమీదను నా చేయి తనంతట తానే శిరస్సు నెక్కెడిది. మా యమ్మ చూచి, "తలమీద ఆ చెయ్యేమిట్రా? తియ్యి! అందరం బాగానే ఉన్నాం కదా!" అని దినమున కైదుసారులు కసరెడిది. తీసినంతనే మెడనుండి నడిమివ్రేలి కొనవఱకు నిప్పుపుల్ల గీచినట్లు బాధ జాఱెడిది. మరల పెట్టుకొన్నచో నుపశమించెడిది.

కారణము నాకప్పుడు తెలియదు. మెడయందు 7 ఎముకలున్నవి. మీది రెండింటి నడుమ దప్ప తక్కినవాని నడుమ నొక్కొక్క మెత్తని బిళ్ళ గలదు. దానినే డిస్కు అందురు. బిళ్ళ వెలుపలి భాగము గట్టి నారలచుట్టు, లోపలిది జిగురువంటి గుజ్జు. చుట్టు చిట్లినచో గుజ్జు వెలికుబికి, ప్రక్కనుండి చేతికి బోవు నరమును ఒత్తును. నాకు చిట్లినది 6వ, 7వ ఎముకల నడిమి బిళ్ళ. అచ్చటి నరము భుజము దాటి, దండచేయి వెనుకభాగమునకు బలమిచ్చి, నడిమివ్రేలివఱకు స్పర్శ నిచ్చును. చేయి తలపై నుంచినప్పుడు నరము బిగువు సడలి కొంత సుఖపడును. వైద్యులు దీనిని వ్యాధిని గుర్తించు చిహ్నములలో నొకటిగా నెన్నుదురు. మా యమ్మకు అశుభమైనది నా నరమునకు శుభమయ్యెను.

ఇది యెట్లు తెచ్చుకొంటినో చెప్పుటకు కొంచెము సిగ్గగుచున్నది. మాది విజయనగరము జిల్లా. బరువులెత్తువారి సీమ యిది. ఇనుపగొలుసులు తెంచి, ఱొమ్ముపై ఏనుగు నెక్కించుకొని లోకమును విస్మయపఱచి 1942లో గతించిన కోడి రామమూర్తినాయుడుగారి పేరు నేటికిని మా వీధులలో బిల్లలకు గథగా చెప్పుదురు. పొరుగున శ్రీకాకుళము జిల్లానుండి వచ్చిన కరణం మల్లీశ్వరిగారు 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము దెచ్చిరి. భారతస్త్రీకి ఒలింపిక్సులో వచ్చిన మొదటి పతకమదియే. మా జిల్లాలోని కొండవెలగాడ పల్లెకు చెందిన మత్స సంతోషిగారు 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలయందు పతకము గెలిచిరి. ఇట్టి సీమలో బుట్టి, నలువదేండ్లవఱకు సుద్దముక్కకంటె బరువైన దేదియు వ్యాయామముకొఱకై యెత్తకుండుటయే నా ఘనకార్యము. రక్తములో చక్కెర హద్దు దగ్గఱకు వచ్చినదని వైద్యుడు చెప్పినపుడు మా వీధి చివర మేడపైనున్న వ్యాయామశాలలో జేరితిని.

అచ్చట శిక్షణ యిచ్చువాడును, వచ్చు యువకులలో సగముమందియు నా పూర్వశిష్యులే. నా శత్రువు లోపలనే యున్నాడనుట కిదియే నిదర్శనము. "మాస్టారు 60 కిలోలతో బస్కీలు తీశారు!" అని యొకడనగా మఱునాడు 65 వేసికొనక యుండలేనైతిని. తరగతిలో నలుబదిమందిని మందలించు నోటికి, "ఇది నాచేత గాదు" అను మూడు మాటలు రాలేదు. ఒకనాటి సాయంకాలము 40 కిలోల కడ్డీని మెడవెనుకనుండి పైకెత్తుచు, నాల్గవసారి రాకున్నను, పండ్లు బిగించి, ఊపిరి బిగబట్టి, గడ్డము ముందుకు చాచి త్రోసితిని. అద్దములో నా మొగము నాకే వీరునివలె గనబడెను. అప్పటికి నొప్పి లేదు. రాత్రి రెండుగంటలకు మెలకువ వచ్చునప్పటికి కుడిరెక్కయెముక లోపల నెవరో మేకు దిగగొట్టుచున్నట్లుండెను.

నేరమంతయు నినుముదే యనుట న్యాయము గాదు. బిళ్ళ యొక్కనాటిలో చెడదు. ఇరువదియేండ్లుగా మంచముపై గూర్చుండి, ఒడిలో దిండు వేసికొని, జవాబుపత్రములపైకి మెడ వంచి దిద్దినవాడను. వయస్సుతో బిళ్ళలోని నీరు దగ్గుట యందఱకు నున్నదే. కడ్డీ కడపటి సాక్షి మాత్రమే.

బాధకంటె నన్ను భయపెట్టినది బలహీనత. దండచేయి వెనుకకండరము పట్టు దప్పుటచే చేయి పైకి చాచి వ్రాయలేకపోతిని. నల్లబల్లపై కుడిమూల మీదుగా వ్రాయు తేదీ మొదటివారము జానెడు క్రిందికి, రెండవవారము మూరెడు క్రిందికి దిగెను. పిల్లలు గమనించిరి గాని అడుగలేదు. ఒక బాలిక మాత్రము, నేనడుగకుండగనే, ప్రతిదినము ముందుగా వచ్చి కుర్చీ యెక్కి తేదీ వ్రాసిపెట్టసాగెను. ఆ చక్కని యక్షరములు చూచినపుడు నాకు కలిగిన యవమానమును, కృతజ్ఞతను వేఱుచేయజాలను.

పిమ్మట సలహాలు వచ్చినవి. ఒక మిత్రుడు క్షురశాలకు గొనిపోయి మెడ విఱిపించెద ననెను. క్షౌరమైన పిదప తల రెండుచేతుల బట్టి చటుక్కున త్రిప్పి చప్పుడు చేయించుట మనవారికి పరమసుఖము. నేనును చిన్ననాటనుండి యెఱిగిన సుఖమే. అయితే మెదడునకు రక్తము గొనిపోవు రెండు నాళములు మెడయెముకల రంధ్రములగుండనే పోవుచున్నవనియు, హఠాత్తుగా మెడ త్రిప్పినపుడు వాని లోపొర చినిగి పక్షవాతము కలుగుట అరుదైనను వైద్యు లెఱిగిన యపాయమే యనియు తెలిసికొన్న పిదప నాకా సుఖముపై వైరాగ్యము కలిగెను. శిక్షకుడు, "నొప్పి వస్తేనే కండ పెరుగుతుంది మాస్టారూ, వేడిచేసి కొనసాగించండి" అనెను. పట్టణములో నేను చూపించుకొన్న వైద్యు డొకరు ఎం.ఆర్.ఐ. తీయించి, బొమ్మను వెలుతురునకు బట్టి, "ఇక జన్మలో నీళ్ళబకెట్టుకూడా ఎత్తకండి" అని రెండు నిమిషములలో బంపివేసిరి.

ఆ బొమ్మ చూచి నేను నెలదినములు వణకితిని. తరువాత నొక సంగతి చదివితిని. 2015లో జపానుదేశపు వైద్యులు, మెడనొప్పి మొదలగు బాధ లేవియు లేని 1211 మందికి మెడ ఎం.ఆర్.ఐ. తీయగా 87.6 శాతముమందికి బిళ్ళలు ఉబ్బియే యుండెను. అనగా బొమ్మ యబద్ధము చెప్పదు గాని బొమ్మయే రోగము కాదు. చేతి బలమెట్లున్నది, స్పర్శ యెట్లున్నది, నాటికంటె నేడు హెచ్చినదా తగ్గినదా యనునవి బొమ్మలో నుండవు. చేతికి జాఱు నిట్టి నొప్పి శస్త్రచికిత్స లేకయే కొన్ని వారములనుండి కొన్ని నెలలలో పెక్కుమందికి తగ్గుననుటయు నాకప్పు డెవరును చెప్పలేదు.

నేను వైద్యుని మాట శిరసావహించితిని. మూడునెలలు బకెట్టు ముట్టలేదు. ఈ విధేయతకు నాలో నేనే సంతోషించుచుంటిని.

అంతట నొక ఫిజియోథెరపిస్టు కడకు బోతిని. ఆమె నా కుమార్తె యీడు కొంచెము మీఱినది. చేతులు, కాళ్ళు, స్పర్శ, నడక అన్నియు పరీక్షించి, నా కథ విని, చివర నొక ప్రశ్న వేసెను. "బకెట్టు ఎత్తవద్దన్నారు కదా సార్, మరి మీ ఇంట్లో నీళ్ళెవరు మోస్తున్నారు?"

నా భార్య ప్రక్కనే కూర్చుండియుండెను. మాది పై యంతస్తు. వేసవిలో కుళాయి క్రిందనే వచ్చును. దినమునకు పండ్రెండు బకెట్లు. 14.2 కిలోల వాయువు నిండిన సిలిండరు, ఇనుముతో గలిపి దాదాపు 30 కిలోలు. దానిని మెట్లమీదుగా దెచ్చినది ఆమెయే. 25 కిలోల బియ్యపుమూట, తడిసిన దుప్పట్లు, అన్నియు. ఆ ప్రశ్నకు నేను బదులు చెప్పకముందే ఆ వైద్యురాలు నా భార్యను బేరు పెట్టి పిలిచినది. ఆమె తల త్రిప్పలేదు. మొత్తము శరీరమునే త్రిప్పి చూచెను.

"ఎన్నాళ్ళనుంచమ్మా మెడ ఇలా?"

"ఆరేళ్ళండి."

ఆరేండ్లు! నేను వినుట అదియే మొదటిసారి. వినలేదనుట గూడ సరికాదు. "మెడ పట్టేసింది" అను మాట మా వంటింటిలో మిక్సీ చప్పుడువలె ప్రతిదినము వినవచ్చునదే. ఆమె మందు అమృతాంజనము. (దానిని 1893లో నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే 1924లో "భారతి" మాసపత్రికను స్థాపించిరి. పంతులుగారి పత్రిక పాతసంచికలు నా బీరువాలోను, పంతులుగారి సీసా ఆమె తలగడక్రిందను ఉండెడివి.) నా నడిమివ్రేలు తిమ్మిరెక్కగానే మూడువేలమంది శత్రువులు దండెత్తివచ్చినట్లు వైద్యులను, బొమ్మలను, గ్రంథములను ఆశ్రయించితిని. ఆమె మెడను గూర్చి ఆఱేండ్లలో నొక ప్రశ్నయైన వేయనైతిని. స్త్రీవిద్యపై నేను మా పాఠశాల వార్షికోత్సవములలో మూడుసార్లు ఉపన్యసించియున్నాను.

వైద్యురాలు ఆమెను పరీక్షించి, చేతులలో బలహీనత గాని తిమ్మిరి గాని లేదనియు, బొమ్మ తీయ నక్కఱలేదనియు, మెడ భుజముల కండరములు బలములేకయే బరువు మోయుచున్నవనియు జెప్పెను. "ఇద్దరికీ మందు ఒకటే. బరువులు మానడం కాదు, నేర్చుకుని ఎత్తడం" అనెను.

ఇచ్చట నొక హెచ్చరిక. నడకలో తూలుడు, చొక్కాగుండీ పెట్టుకొనలేనంతగా వ్రేళ్ళ తడబాటు, మలమూత్రములపై పట్టు దప్పుట, నానాటికి హెచ్చు బలహీనత, ఇవి కనబడినచో వెన్నుపామే నలుగుచున్నదేమో యని శంకించి వెంటనే నిపుణుని కడకు బోవలెను. అట్టివారు నా వ్యాసము చదువుచు గూర్చుండరాదు.

మొదటి ఆఱువారములు మాకు ఇనుము లేదు. వెల్లకిల బరుండి, తలగడపైనుండి తల యెత్తకయే, "ఔను" అన్నట్లు గడ్డమును కొంచెముగా లోనికి వంచి పది లెక్కించువఱకు నిలుపుట, అది పదిసారులు. నుదుటిపై అరచేయి యుంచి, తల కదలకుండ మెల్లగా నొత్తుట. నడక. ఇంతియే. ఇది వ్యాయామమా యని నేను నవ్వితిని. మూడవసారికే మెడ ముందుభాగము వణకినది. ఇరువదేండ్లు తల వాల్చినవానికి, తలను నిలువబెట్టు చిన్నకండరములు నిద్రపోయినవని తెలిసెను. తల బరువు దాదాపు 5 కిలోలు. దానినే మోయజాలనివాడు 40 కిలోలు పైకెత్తబోయెను!

పిదప వ్యాయామశాలకు మరల బోతిని. మెడపై కడ్డీ మోపుట, మెడవెనుకనుండి యెత్తుట, తలపైకి బరువు త్రోయుట, రెండుచేతుల తల బట్టి లాగుచు పొట్టకై చేయు కసరత్తు, శీర్షాసనము, ఇవన్నియు మాకు నిషిద్ధము. బదులుగా ఏటవాలు బల్లపై ఱొమ్మానించి 2 కిలోల డంబెల్సు వెనుకకు లాగుట. నేలపై బరుండి డంబెల్సు పైకి త్రోయుట. కాళ్ళకు కూర్చుండి త్రోయు యంత్రము. బరువు హెచ్చించినప్పుడు ఒకటి రెండు కిలోలకు మించి హెచ్చింపరాదు, ఎత్తునపుడు ఊపిరి విడువవలెను, పండ్లు బిగియరాదు. మఱియొక చిన్న సంగతి నన్ను మిక్కిలి నవ్వించినది. నేలమీది బరువు నెత్తునపుడు చూపు రెండు గజముల దూరమున నేలపై నుండవలెనట. ఎదుటి యద్దములో తన్ను జూచుకొనుటకై మొగ మెత్తినంతనే మెడ వెనుకకు విఱిగి నరపుద్వారము ఇఱుకగును. వ్యాయామశాలకు నాలుగుగోడల నద్దములు పెట్టిన మహానుభావు డెవరో గాని, మెడవైద్యులకు గొప్ప యుపకారి.

అన్నింటికంటె నాకు పనికివచ్చినది నొప్పి భాషను చదువుట. చేతినుండి నొప్పి పైకి జరిగి మెడలోనికి ముడుచుకొన్నచో, మెడ కొంచె మెక్కువ నొచ్చినను, దారి మంచిది. మెడ హాయిగానుండి వ్రేళ్ళకు దిగినచో దారి చెడ్డది; నాడాపని మానవలెను. తీర్పు మఱునాటి యుదయమునకు వాయిదా వేయవలెను. ఒక పుస్తకములో తేదీ, బరువు, మఱునాటి స్థితి వ్రాయుచు వచ్చితిమి. నాకు 6 కిలోలనుండి 8 కిలోలకు బోవుటకు ఐదువారములు పట్టినది. నడుమ ఒకసారి పాతగర్వము మేల్కొని ఒక్కసారిగా 12 కిలోలు తీసికొంటిని. పుస్తకములో ఆ మఱునాడు "వ్రేలు" అని యొక్కమాటయే యున్నది. దాని తరువాత పదునొకండు దినములు ఖాళీ.

వ్యాయామము తన బలములో సగమువఱకే చేయవలెనని సుశ్రుతు డెప్పుడో విధించెను. ఊపిరి నోటివెంట రాసాగుటయే ఆ సగమునకు గుర్తని గూడ నచ్చట నున్నది. బాల్యమున మా తండ్రిగారు దానిని చెప్పగా నేర్చి, పదవిభాగముతో, ప్రతిపదార్థముతో నొప్పజెప్పి మెప్పుపొందినవాడను. నేటి శిక్షకులును, ఇంక మూడు నాలుగుసార్లు ఎత్తగల శక్తి మిగిలియుండగనే ఆపుమని చెప్పుదురు. ఆ సూత్రము నాకు కంఠస్థము. కంఠములో నుండుటచేతనే కాబోలు, కంఠమునకు గాయము దగులువఱకు క్రిందికి దిగలేదు.

నా భార్యను వ్యాయామశాలకు గొనిపోవుట నా మెడకంటె కష్టమైన పని. స్త్రీలకు వేళ లేదని యజమాని చెప్పెను. మల్లీశ్వరిగారి పటము గోడకు వ్రేలాడదీసి, వీధిలోని స్త్రీలకు వేళ లేదనుట యెట్టిదని నేనడుగగా అతడు తల గోకికొనెను. ఉదయము అయిదున్నర మొదలు ఆఱున్నరవఱకు ఒక గంట యిచ్చెను. మొదటి నెల ఆమెయొక్కతెయే, తోడుగా నేను. ఇప్పు డేడుగురు. మా యమ్మకు మాత్ర మిది బొత్తిగా నచ్చలేదు. "కోడలు కడ్డీలెత్తడమేమిట్రా, నలుగురూ ఏమనుకుంటారు?" అనెను. సిలిండరెత్తినపు డెవరు నేమియు ననుకొనలేదే యని నేనంటిని. ఆమె మఱి మాటాడలేదు; ఒప్పుకొన్నదని మాత్రము నేను చెప్పను.

నా భార్య చిన్ననాట తమ యూరి చెఱువునుండి రెండేసి బిందెలు, ఒకటి తలపైని, ఒకటి చంకను పెట్టుకొని తెచ్చినది. కావున బరువు ఆమెకు క్రొత్త గాదు. క్రొత్తది, బరువెత్తుటకు ముందు ఎంతయని యడుగువాడుండుట, ఎత్తిన పిదప ఎట్లున్నదని యడుగువాడుండుట. పుస్తకములో ఆమె పుటను నేనే వ్రాయుదును. రెండేండ్లలో ఆమె మెడ యిరుప్రక్కలకును తిరుగుచున్నది. వర్షాకాలపు తెల్లవాఱుజాములలో మాత్రము కొంచెము పట్టును. నాకు దండచేయి బలము దాదాపుగా తిరిగివచ్చినది. నడిమివ్రేలి కొన నేటికిని మొద్దుగానే యున్నది; పుట త్రిప్పునపుడు కాగితమున్నదో లేదో కంటితో జూచుకొనవలెను. బకెట్లు చెఱియాఱు. సిలిండరు వచ్చిననాడు ఇద్దఱము చెఱియొకప్రక్క బట్టుకొని మెట్లెక్కుదుము.

నల్లబల్లపై తేదీ మరల మీది మూలకు బోయినది. మొన్న దిమ్మెలమీదనుంచిన కడ్డీని మోకాలియెత్తునుండి లేపు వ్యాయామములో ఆమె పుటయందు 45 కిలోలని వ్రాసితిని. నా పుటయందు 40. నేను బలములో సగము మించరాదని సుశ్రుతుని మాట పాటించుటచేతనే యీ భేదము వచ్చినదని నా వాదము. ఆమె యొప్పుకొనుట లేదు.